తెల్ల సిమెంట్ రంగు మారకుండా ఉండాలంటే: ఫిల్లింగ్ రోజుకు ముందు నుంచి ఏళ్ళ తర్వాత దాకా

ముందు పంటికి పెట్టించుకున్న తెల్ల సిమెంట్ పచ్చబడిందనో, అంచున గోధుమ గీత పడిందనో మా గోదావరి జిల్లాల్లో పళ్ళ డాక్టర్ల దగ్గరికి తరచూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. "పెట్టినప్పుడు పన్నులో కలిసిపోయిందండి, ఇప్పుడు దూరం నుంచే తెలిసిపోతోంది. దీన్ని తీసేసి కొత్తది పెట్టేయండి" అంటారు. ఆ చివరి మాట వినే ఈ మార్గదర్శి రాయాలనిపించింది. రంగు మారిన ప్రతి ఫిల్లింగునూ తీసేయనక్కర్లేదు. పాతది తీసినప్పుడల్లా దానితో పాటు కాస్త మంచి పన్ను కూడా అరుగుతుంది, గుంట పెద్దదవుతుంది. అలా మూడు నాలుగు సార్లు మార్పిస్తే చివరికి మిగిలిన పన్ను పలచబడి, విరిగి, క్యాప్ దాకా పోతుంది. రంగు ఎందుకు మారిందో ముందే తెలిస్తే చాలాసార్లు ఒక పాలిష్‌తో సరిపోతుంది.

ఇంకో సంగతి. ఫిల్లింగ్ రంగు ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది చాలావరకు కుర్చీలో కూర్చున్న ఆ గంటలోనే తేలిపోతుంది. తర్వాత మీరు తినేది, తోముకునేది దాని మీద పనిచేస్తాయి. అందుకే ఆ గంట గురించి పేషెంటుకు కూడా తెలిసి ఉండాలి.

మొదటి అడుగు: మీ పంట్లో ఉన్నది ఏ సిమెంటో తెలుసుకోండి

మనవాళ్ళు అన్నింటినీ "తెల్ల సిమెంట్" అనేస్తారు గానీ, అందులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి.

ఒకటి కాంపోజిట్. నీలం లైటు పెట్టి గట్టిపరిచేది ఇదే. ఇందులో సన్నటి గాజు, సిలికా రేణువులు ఉంటాయి. వాటిని పట్టి ఉంచే రెసిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థం ఉంటుంది. ఈ రెసిన్లకు మూలమైన బిస్-జీఎంఏ అనే రసాయనం మీద అమెరికాలో రఫాయెల్ బోవెన్‌కు 1962లో పేటెంటు వచ్చింది. ఈనాటికీ చాలా కాంపోజిట్లలో అదో, దాని బంధువులో ఉంటాయి. గాజు రేణువులకు మరక అంటదు. అంటేదంతా రెసిన్‌కే. అది నోట్లోని తడిని కొద్దికొద్దిగా పీల్చుకుంటుంది, ఆ తడితో పాటు రంగులూ లోపలికి వెళ్తాయి. రెసిన్‌ను పలచన చేయడానికి కలిపే టెగ్‌డీఎంఏ లాంటివి నీటిని మరీ ఎక్కువగా పీలుస్తాయి. గాజు ఎక్కువ, రెసిన్ తక్కువ ఉండి, రేణువులు బాగా సన్నగా ఉన్న రకాలు పాలిష్‌ను ఎక్కువ కాలం నిలుపుకుంటాయి.

రెండోది గ్లాస్ అయానమర్. ఇది 1970ల మొదట్లో ఇంగ్లండులో విల్సన్, కెంట్ అనే శాస్త్రవేత్తల పనితో వచ్చింది. ఫ్లోరైడ్ వదులుతుంది కాబట్టి పిల్లల పళ్ళకు, చిగురు దగ్గర అరిగిన గాట్లకు, పెద్ద వయసువాళ్ళ పంటి వేళ్ళ మీది పిప్పికి బాగా పనికొస్తుంది. నునుపు మాత్రం తక్కువ. పన్నులా మెరవదు, గరుకుదేరి గార పట్టడం కూడా ఎక్కువే. నవ్వితే కనబడే చోట ఎవరికైనా గ్లాస్ అయానమర్ పెట్టి ఉంటే, అది కొన్నాళ్ళకు మసకబారడం ఆ పదార్థం స్వభావమేనని ముందే తెలుసుకోవడం మంచిది. ఈ రెంటినీ కలిపి చేసిన రకాలూ ఉన్నాయి. వాటి రంగు నిలకడ కూడా ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది.

మీకు పెట్టింది ఏదో గుర్తు లేకపోతే లైటు పెట్టారో లేదో గుర్తు చేసుకోండి. రెండోదాని కలగలుపు రకాలకు కూడా లైటు పెడతారు కాబట్టి, బిల్లు మీదో కేస్ షీట్ మీదో పేరు రాయించుకోవడమే మేలు.

రెండో అడుగు: రోజు కుదుర్చుకునే ముందు

పెళ్ళి ముహూర్తాలు దగ్గరపడ్డప్పుడు ముందు పళ్ళ పనులు ఒక్కసారిగా పెరుగుతాయి. పెళ్ళికి రెండు రోజుల ముందు వచ్చి ముందు పన్ను సరిచేయమంటే చేయవచ్చు గానీ, రంగు విషయంలో అది మంచి పద్ధతి కాదు. కనీసం మూడు వారాల ముందు మొదలుపెట్టండి. వరుస ఇలా ఉండాలి.

ముందు క్లీనింగ్. గార ఉన్న పళ్ళ పక్కన రంగు చూసి ఫిల్లింగ్ పెట్టించుకుని, నెల తర్వాత క్లీనింగ్ చేయించుకుంటే, పళ్ళు తెల్లబడి ఫిల్లింగ్ ఒక్కటే ముదురుగా మిగులుతుంది.

పళ్ళు తెల్లబరిపించుకోవాలనే ఆలోచన ఉంటే అది క్లీనింగ్ తర్వాత, ఫిల్లింగ్‌కు ముందు. తెల్లబరిచే పెరాక్సైడ్ మందు పన్ను మీద పనిచేస్తుంది గానీ ఫిల్లింగ్ రంగును పన్నుతో సమానంగా మార్చదు. ఇక తెల్లబరిచిన వెంటనే ఫిల్లింగ్ పెడితే అది పంటికి సరిగా అంటుకోదు, ఎందుకంటే పంట్లో మిగిలిన ఆక్సిజన్ రెసిన్ గట్టిపడడాన్ని అడ్డుకుంటుంది. ఒకటి రెండు వారాలు ఆగితే అంటుకోవడమూ బాగుంటుంది, పన్ను అసలు రంగూ కుదుటపడుతుంది.

చిగుళ్ళ నుంచి రక్తం కారుతుంటే ముందు అది తగ్గించుకోవాలి. చిగురు అంచున రక్తమో చెమ్మో తగిలిన ఫిల్లింగ్ అక్కడే మొదట గీత పడుతుంది.

మూడో అడుగు: రంగు ఎంచుకునే ఆ ఐదు నిమిషాలు

పళ్ళ డాక్టర్ల దగ్గర వరసగా పళ్ళ నమూనాలు గుచ్చిన పట్టీ ఒకటి ఉంటుంది. అందరూ ఎక్కువగా వాడే వీటా క్లాసికల్ పట్టీలో 16 రంగులుంటాయి. A వరస ఎరుపు కలిసిన గోధుమ, B వరస ఎరుపు కలిసిన పసుపు, C బూడిద రంగు, D ఎరుపు కలిసిన బూడిద. అక్షరం పక్కన ఉండే అంకె పెరిగే కొద్దీ ముదురు.

ఇక్కడ చాలా చోట్ల ఒక తప్పు జరుగుతుంది. పన్నును గాలితో ఆరబెట్టి, దూది పెట్టి, పని సగంలో ఉండగా రంగు చూస్తారు. ఎండిన పన్ను నిమిషాల్లోనే తెల్లగా, సున్నం పూసినట్టు కనబడుతుంది. మళ్ళీ తడి పట్టి మామూలు రంగుకు రావడానికి గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజు కూడా దాటుతుంది. ఎండిన పన్నుకు సరిపోయే రంగు ఎంచితే మర్నాటికి ఫిల్లింగ్ తెల్లగా, పన్ను ముదురుగా తేలుతాయి. అందువల్ల రంగు చూడటం మొదటి పని కావాలి. మత్తు ఇంజెక్షన్ కన్నా ముందే, పన్ను లాలాజలంతో తడిగా ఉన్నప్పుడే.

మీ వైపు నుంచి చేయాల్సినవి చిన్నవే. లిప్‌స్టిక్ వద్దు. మెడ దాకా మెరిసే ఎర్ర, పచ్చ బట్టలు వద్దు. వేసుకుని వస్తే పైన లేత బూడిద రంగు గుడ్డ కప్పమనండి. కిటికీ వెలుతురులో, పగటి పూట చూడమనండి. వానాకాలం ముసురు పట్టిన సాయంత్రం ట్యూబులైటు కింద ఎంచిన రంగు ఎండలో తేడాగా కనబడుతుంది. వీలైతే పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు మధ్య అపాయింట్‌మెంట్ తీసుకోండి.

ముందు పంటి విషయంలో ఇంకొక్కటి అడగండి: "డాక్టరు గారూ, కొంచెం పదార్థం పంటి మీద పెట్టి లైటు కొట్టి చూపిస్తారా?" జిగురు మందు పూయకుండా చిన్న ఉండ పెట్టి గట్టిపరిచి చూస్తే, అది పన్నులో కలుస్తుందో లేదో వెంటనే తెలుస్తుంది. తర్వాత తీసేయవచ్చు. కాంపోజిట్ గట్టిపడక ముందు ఒక రంగు, గట్టిపడ్డాక ఇంకో రంగు. లైటును పట్టుకుని గట్టిపడేలా చేసే కాంఫర్‌క్వినోన్ అనే పదార్థమే పసుపు రంగుది. లైటు తగిలినప్పుడు అది ఖర్చయిపోయి ఆ పసుపు తగ్గుతుంది. అందుకే పట్టీ కన్నా ఈ ఉండ నమ్మదగింది.

నాలుగో అడుగు: ఫిల్లింగ్ పెడుతున్నప్పుడు ఏం జరగాలి

ఈ భాగం డాక్టరు చేతిలోది. అయినా తెలుసుకుంటే మీరు ఓపిగ్గా కూర్చుంటారు, తొందరపెట్టరు. తొందరపెట్టిన పేషెంటు వల్లా ఫిల్లింగ్ పాడవుతుందని నా గట్టి నమ్మకం.

పన్ను పొడిగా ఉండాలి. రబ్బర్ డ్యామ్ అనే పలచటి రబ్బరు గుడ్డ కట్టి పన్నును వేరుచేయడం ఉత్తమం. నోరు పట్టేసినట్టుంటుందని కొందరు వద్దంటారు. దయచేసి వద్దనకండి. ఊపిరిలోని చెమ్మ, లాలాజలం తగలకుండా పెట్టిన ఫిల్లింగ్ అంచు చాలా కాలం శుభ్రంగా ఉంటుంది.

పదార్థాన్ని పొరలు పొరలుగా పెట్టాలి. మామూలు కాంపోజిట్ అయితే ఒక్కో పొర రెండు మిల్లీమీటర్లు మించకూడదు. ఒకేసారి నాలుగు మిల్లీమీటర్ల దాకా పెట్టగలిగే రకాలు వేరుగా ఉన్నాయి, అవి ఎక్కువగా దవడ పళ్ళకు. కాంపోజిట్ గట్టిపడుతూ కొద్దిగా కుంచించుకుపోతుంది. ఒక్క ముద్దగా పెడితే ఆ లాగుడు అంచు మీద పడి, కంటికి కనబడని సందు ఏర్పడుతుంది. తర్వాత టీ, పులుసు రంగు దిగేది ఆ సందులోకే.

ఇప్పుడు లైటు సంగతి. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన చోటు ఇదే. సగం ఉడికిన రెసిన్ పైకి గట్టిగానే కనబడుతుంది, గీకితే రాదు. లోపల మాత్రం కలవని అణువులు మిగిలి ఉంటాయి. అలాంటి ఫిల్లింగ్ నీటిని ఎక్కువ పీలుస్తుంది, రంగునూ ఎక్కువ పీలుస్తుంది. లైటు మొన పంటికి వీలైనంత దగ్గరగా, నిటారుగా ఉండాలి. కొంచెం పక్కకు వాలినా, దూరం జరిగినా లోపలికి చేరే వెలుగు బాగా తగ్గిపోతుంది. ఎంతసేపు పెట్టాలన్నది లైటు బలాన్ని బట్టి, పదార్థం తయారీదారు చెప్పిన దాన్ని బట్టి ఉంటుంది. చాలావాటికి పొరకు 20 సెకన్లు, ముదురు రంగులకు, వెలుతురు దూరని రకాలకు 40 సెకన్ల దాకా. లైటు మొన మీద పాత రెసిన్ అంటుకుని ఉన్నా, పరికరం పాతబడినా బలం తగ్గుతుంది. దాన్ని కొలిచే చిన్న మీటరు ఉంటుంది. మంచి క్లినిక్కుల్లో అప్పుడప్పుడు చూసుకుంటారు. మీరు చేయాల్సిందల్లా తల కదపకుండా ఉండటం, నాలుకతో తడమకుండా ఉండటం, ఆ నీలం వెలుగు వైపు చూడకపోవడం. నారింజ రంగు అడ్డు కళ్ళకు రక్షణ కోసమే.

పదార్థం నిల్వ గురించి ఒక మాట. చాలా కాంపోజిట్ల పెట్టెల మీద 25 డిగ్రీల లోపు ఉంచమని రాసి ఉంటుంది. మే నెలలో రాజమండ్రిలోనూ తణుకులోనూ గదుల్లో వేడి ఎంత ఉంటుందో మనకు తెలుసు. ఫ్రిజ్‌లో దాచి, వాడే ముందు బయట పెట్టి మామూలు వేడికి రానిచ్చే డాక్టరు దొరికితే వదలకండి. గడువు తేదీ చూపించమని అడగడం తప్పు కాదు, మర్యాదగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

చివరిది పాలిష్. కాంపోజిట్ గట్టిపడేటప్పుడు గాలి తగిలిన పై పొర పూర్తిగా గట్టిపడదు, ఎందుకంటే గాలిలోని ఆక్సిజన్ అడ్డుపడుతుంది. ఆ జిగటైన పొర తీసేయకపోతే పసుపు, కాఫీ మొదట పట్టేది అక్కడే. పలచటి ప్లాస్టిక్ పట్టీ అదిమిపెట్టి గట్టిపరిస్తే ఉపరితలం అద్దంలా వస్తుంది. అయితే ఆ పై పొరలో రెసిన్ పాలు ఎక్కువ, దానికి మరక త్వరగా పడుతుంది. అందుకే అద్దంలా ఉన్నా సరే కాస్త అరగదీసి, గరుకు బిళ్ళ నుంచి నున్నటి బిళ్ళ దాకా వరసగా మార్చుకుంటూ పాలిష్ చేయాలి. మధ్యలో ఒక బిళ్ళ దాటేస్తే గీతలు మిగులుతాయి. గరుకుదనం 0.2 మైక్రాన్లు దాటితే పాచి పట్టడం పెరుగుతుందని పరిశోధకులు తేల్చారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కంటితో చూస్తే ఆ హద్దు దాటినదీ దాటనిదీ రెండూ నున్నగానే ఉంటాయి. నాలుకతో తడిమి చూడండి, పక్క పన్ను ఎలా ఉందో ఇదీ అలాగే తగలాలి. గరుకు తెలిస్తే లేవకముందే చెప్పండి.

ముందు పళ్ళకైతే ఒకటి రెండు రోజుల తర్వాత రెండోసారి పాలిష్‌కు రమ్మనే డాక్టర్లుంటారు. వెళ్ళండి. అప్పటికి పన్ను తడి పట్టి అసలు రంగుకు వస్తుంది, ఫిల్లింగ్ కూడా ఇంకాస్త గట్టిపడి ఉంటుంది.

ఐదో అడుగు: మొదటి రెండు రోజులు

లైటు ఆపినంత మాత్రాన రెసిన్ గట్టిపడటం ఆగదు. తర్వాత 24 గంటల దాకా నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. ఆ రోజూ మర్నాడూ పసుపు ఎక్కువ పడే కూరలు, ఆవకాయ, టీ, కాఫీ, కూల్‌డ్రింకులు, కిళ్ళీ మానేస్తే మంచిది. పెరుగన్నం, ఇడ్లీ, కొబ్బరి చట్నీ, పాలు, కొబ్బరి నీళ్ళు నిక్షేపంగా తీసుకోవచ్చు. కోనసీమలో ఉన్నవాళ్ళకు కొబ్బరికి కొదవ లేదు. గ్లాస్ అయానమర్ అయితే డాక్టరు పైన పూత వేస్తారు. మొదటి గంటల్లో దానికి నీళ్ళూ పడవు, మరీ ఎండిపోవడమూ పడదు కాబట్టి ఆ పూతను గోటితో గీకకండి.

ఆ సాయంత్రం అద్దంలో చూసుకుని "ఫిల్లింగ్ ముదురుగా ఉందే" అని టెన్షన్ పడకండి. పన్ను ఎండి తెల్లబడింది, అంతే. మర్నాడు చూడండి.

ఆరో అడుగు: మన వంటింట్లో ఏది ఎంత మరక చేస్తుంది

ప్రయోగశాలల్లో కాంపోజిట్ బిళ్ళలను టీలో, కాఫీలో, పసుపు నీళ్ళలో, కోలాలో నానబెట్టి రంగు మార్పు కొలుస్తారు. ఆ కొలతను డెల్టా ఇ అంటారు. 1.2 దగ్గర చూసేవాళ్ళలో సగం మందికి తేడా తెలుస్తుంది. 2.7 దాటితే సగానికి పైగా మంది "ఇది బాలేదు" అంటారు. పసుపు పెట్టి చేసిన పరీక్షల్లో ఈ అంకె చాలా పైకి పోయిన సందర్భాలు ఎన్నో. అయితే ఆ బిళ్ళలు రోజుల తరబడి నానుతాయి. మన నోట్లో లాలాజలం ఉంటుంది, నీళ్ళు తాగుతాం, బ్రష్ చేస్తాం. భయపడి పసుపు మానేయమని నేను చెప్పను. ఏది ఎలా పట్టుతుందో తెలుసుకుంటే చాలు.

పసుపులోని కుర్కుమిన్ చిన్న అణువు, నూనెలో బాగా కరుగుతుంది, రెసిన్‌లోకి సులువుగా దూరుతుంది. తెల్ల చొక్కా మీద పడ్డ కూర మరక ఎండలో ఆరేస్తే వెలిసిపోవడం ప్రతి ఇంట్లోనూ చూసిందే. కుర్కుమిన్‌ను వెలుతురు విరగ్గొడుతుంది. నోట్లో ఆ ఎండ తగలదు, కాబట్టి అక్కడ దిగిన పసుపు అక్కడే ఉంటుంది. నూనె, పసుపు, కారం, పులుపు అన్నీ కలిసిన ఆవకాయ, చేపల పులుసు, రొయ్యల ఇగురు మరక చేయడానికి బాగా అనువైనవి. పులస వచ్చే నెలల్లో పులుసు తినొద్దని గోదావరి ఒడ్డున ఎవరికి చెప్పగలం? తినండి. తిన్న వెంటనే నీళ్ళు పుక్కిలించి ఉమ్మండి. రెండు గుక్కలు చాలు. పసుపు రెసిన్ మీద ఉండే సమయం తగ్గితే దిగే రంగూ తగ్గుతుంది.

టీ, కాఫీల్లో తేడా ఉంది. టీ రంగు ఎక్కువగా పైపైనే అంటుకుంటుంది, బ్రష్‌తో, పాలిష్‌తో చాలావరకు పోతుంది. కాఫీ రంగు పైనా అంటుకుంటుంది, రెసిన్ లోపలికీ దిగుతుంది. వేడి ఎక్కువైతే ఈ దిగుడు ఇంకా తొందరగా జరుగుతుంది. రోజంతా గంటకో గ్లాసు చప్పరిస్తూ కూర్చునే అలవాటు, ఒక్కసారి తాగేయడం కన్నా ఎక్కువ మరక చేస్తుంది.

కూల్‌డ్రింకులు, సోడాల రంగు కన్నా వాటి పులుపు చెరుపు. ఆమ్లం పై పొరను గరుకు చేస్తుంది. గ్లాస్ అయానమర్ మీద దాని దెబ్బ మరీ ఎక్కువ. గరుకైన చోట తర్వాత తాగిన టీ పట్టుకుంటుంది.

కిళ్ళీలో కాచు, సున్నం, వక్క కలిసి చేసే ఎరుపు అందరికీ తెలుసు. పొగాకు దానికన్నా మొండిది. లంక పొగాకు చుట్టలు కాల్చే పెద్దవాళ్ళ పళ్ళ వెనక వైపు పేరుకునే నల్లటి పూత ఫిల్లింగ్ అంచుల్లోకి కూడా దిగుతుంది. చుట్ట, సిగరెట్, గుట్కా, ఖైనీ అలవాటున్నవాళ్ళకు ముందు పళ్ళకు ఎంత ఖరీదైన కాంపోజిట్ పెట్టినా రంగు నిలవదు. అది మానేయడానికి కారణాలు రంగు కన్నా పెద్దవి ఉన్నాయి, నోటి క్యాన్సర్ వాటిలో మొదటిది.

మందులతో వచ్చే మరకలను చాలామంది పట్టించుకోరు. చిగుళ్ళ వాపుకు ఇచ్చే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ వాడుతూ టీ, కాఫీ తాగితే గోధుమ మరకలు పడతాయి. డాక్టరు చెప్పిన రోజుల తర్వాత ఆపేయండి, సీసా అయిపోయే దాకా వాడటం అవసరం లేదు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్‌లు రెసిన్‌ను మెత్తబరుస్తాయి, రోజూ వాడేవాళ్ళు ఆల్కహాల్ లేనిది తీసుకోండి. పిల్లలకు పట్టే ఐరన్ సిరప్ నల్లమచ్చలు చేస్తుంది. చెంచాతో నాలుక వెనక భాగం మీద పోసి, వెంటనే నీళ్ళు తాగించండి. పెద్దవాళ్ళు సిరప్ తాగాల్సి వస్తే స్ట్రా వాడొచ్చు.

ఏడో అడుగు: తోముకోవడం, క్లీనింగ్

మెత్తటి బ్రష్, మామూలు ఫ్లోరైడ్ పేస్టు, పూటకు రెండు నిమిషాలు. ఇంతకు మించి అక్కర్లేదు. కచ్చిక, బొగ్గు పొడి, ఇటుక పొడి, ఉప్పు, గరుకు పళ్ళపొడులు, "వారంలో తెలుపు" అనే బొగ్గు పేస్టులు, ఇవన్నీ ఫిల్లింగ్ మీద పాలిష్‌ను గీకేస్తాయి. మొదటి వారం తెల్లగా అనిపిస్తుంది. తర్వాత ఆ గీతల్లో మరక పడి ముందుకన్నా ముదురవుతుంది. నిమ్మచెక్కతో రుద్దడం ఇంకా చెరుపు, అది ఫిల్లింగుకే కాదు పన్ను పైని ఎనామిల్‌కు కూడా దెబ్బ. పుల్లటిది తిన్నాక వెంటనే బ్రష్ చేయకుండా నీళ్ళు పుక్కిలించి అరగంట ఆగండి.

క్లీనింగ్‌కు వెళ్ళినప్పుడు ఏ పళ్ళకు తెల్ల ఫిల్లింగులున్నాయో ముందే చెప్పండి. బాగా సరిపోయిన ఫిల్లింగు డాక్టరుకు కూడా ఒక్కోసారి కనబడదు. క్లీనింగ్ మెషీన్ మొన, సోడా పొడి చిమ్మే పరికరం కాంపోజిట్‌ను గరుకు చేస్తాయి. తగిలితే చివర్లో పాలిష్ చేయించుకోవాలి. ఫ్లోరైడ్ జెల్ పూయించుకునేటప్పుడు ఆమ్లం కలిసిన రకం కాకుండా తటస్థ రకం అడగండి, ఎందుకంటే ఆమ్ల రకం ఫిల్లింగ్‌లోని గాజు రేణువులను తినేస్తుంది.

ఎనిమిదో అడుగు: రంగు మారిందని అనిపిస్తే ముందు ఇంట్లో చూసుకోవాల్సినవి

ఆరు నెలలకోసారి అదే కిటికీ దగ్గర, అదే వేళలో, ఫ్లాష్, బ్యూటీ ఫిల్టర్ లేకుండా ఫోనుతో ఫోటో తీసి ఉంచుకోండి. రోజూ చూసే కంటికి నెమ్మదిగా వచ్చే మార్పు తెలియదు. ఫోటోలు పక్కపక్కన పెట్టి ఈ తేడాలు చూడండి.

మచ్చలు అక్కడక్కడా ఉండి, బ్రష్ బాగా చేసిన రోజు తగ్గినట్టుంటే అది పైపై మరక. క్లీనింగ్, పాలిష్‌తో పోతుంది.

ఫిల్లింగ్ అంతా ఒకే తీరుగా పచ్చబడి, నున్నగా మెరుస్తూనే ఉంటే రంగు లోపలిదే. రెసిన్‌లోని అమైన్ రసాయనాలు కాలంతో ఆక్సీకరణం చెంది పచ్చబడతాయి. లైటు లేకుండా రెండు పేస్టులు కలిపి పెట్టే పాత రకాల్లో ఇది ఎక్కువ. పాలిష్ చేస్తే కొంచెం తేటపడుతుంది గానీ పూర్తిగా పోదు.

అంచు చుట్టూ సన్నటి గోధుమ గీత ఉంటే అందరూ హడలిపోతారు. ఆ గీత ఒక్కటే ఉంటే అది పిప్పి అని కాదు, ఫిల్లింగ్ తీసేయడానికి అదొక్కటే కారణమూ కాదు. గీతతో పాటు అక్కడ పళ్ళ సందులు శుభ్రం చేసే దారం (ఫ్లాస్) చిక్కుతున్నా, ఆహారం ఇరుక్కుంటున్నా, చల్లటి నీళ్ళకు జివ్వుమంటున్నా, గీత పక్కన పన్నులో నీడలా నలుపు కనబడుతున్నా లోపల పిప్పి మొదలైందేమో చూడాలి. ఎక్స్‌రే తీయించండి.

ఫిల్లింగ్ బాగానే ఉండి పన్నే బూడిద రంగుకు తిరిగితే అది వేరే సమస్య. ఎప్పుడో తగిలిన దెబ్బకు లోపలి నరం చచ్చిపోయి ఉండొచ్చు. నొప్పి లేకపోయినా చూపించుకోవాలి.

తొమ్మిదో అడుగు: చేయించాల్సింది ఏది, ఏ వరసలో

మొదట పాలిష్. మత్తు ఇంజెక్షన్ అక్కర్లేదు, ఎక్కువసేపూ పట్టదు. పైపై మరకలకు, గరుకుతనానికి, అంచున పైకి లేచిన చిన్న పొరకు ఇదే చాలు. దీని తర్వాత ఒక వారం చూసి అప్పుడు నిర్ణయించుకోండి.

పాలిష్‌తో తేలకపోతే మరమ్మతు. పాత ఫిల్లింగ్ లోపల గట్టిగా, పిప్పి లేకుండా ఉంటే మొత్తం తీయకుండా పై పొర మాత్రం అరగదీసి, గరుకు చేసి, జిగురు మందు పెట్టి కొత్త పొర వేస్తారు. గీత పడ్డ అంచు ఒక్కటే తవ్వి పూడ్చడం కూడా మరమ్మతే. "కొత్తది పెట్టేయండి" అని మీరు అడిగే ముందు "పై పొర ఒక్కటి మారిస్తే సరిపోతుందా" అని అడగండి. చాలా పళ్ళు ఆ ఒక్క ప్రశ్నతో బతుకుతాయి.

పిప్పి ఉన్నా, ఫిల్లింగ్ కదులుతున్నా, పగిలినా, పన్నులో పగులు కనబడినా అప్పుడు పూర్తిగా మార్చాల్సిందే. ముందు పళ్ళలో పెద్ద భాగం కాంపోజిట్‌తోనే కట్టి ఉంటే, పైగా మళ్ళీ మళ్ళీ రంగు మారుతుంటే, పన్ను ముందు వైపు అతికించే పింగాణీ పొర (వెనీర్) లాంటి వేరే దారి గురించి మాట్లాడొచ్చు. పింగాణీకి మరక చాలా తక్కువ, దానికి పన్ను కొంత అరగదీయాలి, ఖర్చూ ఎక్కువ. ఇలాంటి చిక్కు కేసుల్లో రెండో అభిప్రాయం కావాలనిపిస్తే భీమవరం, అమలాపురం, రాజమండ్రి దగ్గరి రాజానగరంలో ఉన్న డెంటల్ కాలేజీల్లో పళ్ళు నిలబెట్టే పనికే ప్రత్యేకంగా ఒక విభాగం ఉంటుంది, అక్కడ చూపించుకోవచ్చు.

మరమ్మతైనా మార్పిడైనా అయ్యాక ఒక చీటీ రాయించుకోండి: పదార్థం పేరు, వేసిన రంగు అంకె, తేదీ, ఏ పన్ను. ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. ముందు పళ్ళకు రెండు మూడు రంగులు పొరలుగా వేసి ఉంటే లోపలి రంగు, పై రంగు రెండూ రాయించండి. తర్వాత కాకినాడలో చూపించుకున్నా, హైదరాబాదులో పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు చూపించుకున్నా, అక్కడి డాక్టరు ఆ చీటీ చూసి అదే పదార్థంతో అంచు ఒక్కటి సరిచేయగలరు. చీటీ లేకపోతే రంగు కలవక మొత్తం తీయాల్సి రావొచ్చు.